వాడి పారేసే డబ్బా మాహాత్మ్యం

పండుగ పూట ఇరుగుపొరుగుల మధ్య ప్రేమ నిలవాలంటే ఒక్కటే దారి. ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెలన్నీ అటకెక్కించి, వాడి పారేసే ప్లాస్టిక్ డబ్బాలు ఓ వంద కొనుక్కోండి!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. బిర్యానీ పార్శిల్ కడితే పక్కన సాలన్ పోసి ఇస్తారు చూడండి, మూత నొక్కితే టక్కుమంటుంది, ఆ డబ్బా గురించే నేను మాట్లాడేది. ఆర్మూరులో ఎవరి పుట్టినరోజు వచ్చినా చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. ఇరుగుకూ పొరుగుకూ మధ్య ఇంత శాంతిని స్థాపించిన డబ్బాకు మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక్క పూలదండ వేయలేదు. కృతజ్ఞత లేని లోకమండీ ఇది!

స్టీలు గిన్నె ఎంత ప్రమాదకరమైన వస్తువో మీకు వేరే చెప్పాలా? పక్కింటి నుంచి గిన్నెలో పాయసం వస్తుంది. మీరు తింటారు. అక్కడితో అయిపోయిందా? లేదు, అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఆ గిన్నె కడగాలి. కడిగిన గిన్నెను ఖాళీగా పంపకూడదు. ఈ రూలు ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలియదు. కాదన్న మొనగాడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. మరీ ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరో, రెండు పసుపు కొమ్ములో వేసైనా పంపాలి. మీరు పంపింది తిని వాళ్లు ఊరుకుంటారా? మళ్లీ ఏదో వండుతారు. మళ్లీ గిన్నె వస్తుంది.

ఒక్క పాయసానికి యావజ్జీవ శిక్ష! హత్య చేసినవాడైనా ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తాడు.

పైగా ఆ గిన్నెల మీద పేర్లు కొట్టించి ఉంటాయి. మామిడిపల్లిలో ఒకాయన కూతురి పెళ్లికి వచ్చిన గిన్నె, గరిజెలతో బయలుదేరి, పదకొండిళ్లు తిరిగి, ఆ అమ్మాయి కొడుకు బడిలో చేరిన రోజున పులిహోరతో ఇల్లు చేరింది. మధ్యలో దాని మూత ఎక్కడుందో ఈనాటికీ తేలలేదు. మూత దగ్గర మొదలైన అనుమానం రెండు కుటుంబాలను విడదీసింది.

డబ్బాతో ఈ గోలలేవీ లేవు. తిన్నామా, పారేశామా, చేతులు కడుక్కున్నామా!

నమ్మని వాళ్ల కోసం ఆర్మూరును ఆనుకున్న పెర్కిట్‌లో ఉండే ముత్తెమ్మ సంగతి చెబుతాను. విన్నాక మీరే వెళ్లి డబ్బాలు కొంటారు.

ముత్తెమ్మకు యాభై ఎనిమిదేళ్లు. భర్త రాజేశ్వర్ నందిపేట్, మాక్లూర్ వైపు ఊళ్లు తిరిగి రైతుల దగ్గర పసుపు కొని మార్కెట్‌కు చేరుస్తాడు. ఆ ఇంటికీ, మోటార్ సైకిళ్ల మెకానిక్ వాహబ్ ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటి ఉంది. వాహబ్ భార్య హబీబున్నీసా. ముత్తెమ్మ కంటే నాలుగేళ్లు పెద్ద కాబట్టి ముత్తెమ్మ ఆమెను ఆపా అంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గోడ మీదుగా గిన్నెలు నడుస్తున్నాయి. రంజాన్‌కు షీర్ ఖుర్మా ఇటు వస్తే ఉగాదికి భక్ష్యాలు అటు వెళ్తాయి. షబే బరాత్‌కు హల్వా వస్తుంది, సద్దుల బతుకమ్మకు మలీద వెళ్తుంది. రొట్టెలు చేసి, బెల్లం వేసి, నెయ్యి చుక్క తగిలించి పిసికి ముద్దలు కట్టే ఆ మలీద అంటే హబీబున్నీసాకు ప్రాణం. ఒక దశలో ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో తేల్చడం మానేశారు. వాహబ్ పేరు కొట్టించిన గిన్నెలో రాజేశ్వర్ పెరుగు తోడు వేసుకునేవాడు. రాజేశ్వర్ పెళ్లినాటి గిన్నెలో వాహబ్ ఇంట్లో పప్పు నానేది. ఇది ఎంత గందరగోళమో ఆలోచించండి! రెండు కుటుంబాలకు సరిహద్దు లేకపోతే దేశం ఏమైపోవాలి?

ఆ ప్రమాదం నుంచి వాళ్లను కాపాడింది ముత్తెమ్మ కోడలు కావేరి. ప్రైవేటు బడిలో టీచరు. చదువుకున్న పిల్ల కదా, కిందటి దసరా ముందు ఇంటికి డబ్బాలు పట్టుకొచ్చింది. తెల్లగా, తళతళలాడుతూ, 'హ్యాపీ బతుకమ్మ' అని బంగారు రంగు స్టిక్కర్లతో సహా. సద్దుల రోజున మలీద పదకొండిళ్లకు పంపాలి. ఏటా దానికి ముందు ముత్తెమ్మ ఎవరి గిన్నెలో ఎవరికి పంపాలా అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకునేది. ఈసారి పావుగంటలో పదకొండు డబ్బాలూ మూతలేసుకుని వరసలో నిలబడ్డాయి. ముత్తెమ్మకు ఎంత హాయనిపించిందంటే, కాళ్లు చాపుకుని కూర్చుని సీరియల్ చూసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. డబ్బాలు చూసినప్పుడు ఆమె కాదనలేదు.

ఆ తర్వాత వచ్చిన శాంతి గురించి ఏమని వర్ణించను!

అటు నుంచి గిన్నె రాలేదు. రాదు కదా, వెళ్లింది గిన్నె కాదు. దీపావళి వెళ్లింది. గోడ మీదుగా "ముత్తెమ్మా, ఉన్నవా" అనే పిలుపు లేదు. షబే బరాత్ వెళ్లింది. హల్వా లేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా ఆ వాసన కమ్ముకుంటే, హబీబున్నీసా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికొచ్చి రాజేశ్వర్ మీద జోకులేసేది. ఆ జోకులూ లేవు. రాజేశ్వర్‌కు షుగర్ రిపోర్టు ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత బాగా వచ్చింది. డాక్టర్ మెచ్చుకుంటే ఆయన ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

ముత్తెమ్మ మాత్రం లోలోపల కుమిలిపోయింది. మలీద తిని ఒక్క మాటైనా అనదా ఆపా? బాగుందనీ లేదు, బెల్లం తగ్గిందనీ లేదు. ఒకసారి గేటు దగ్గర ఎదురుపడితే హబీబున్నీసా పలకరించింది, కానీ మునిసిపాలిటీ వాళ్లను పలకరించినట్టు పలకరించింది. ఏమైందని అడగాలంటే ముత్తెమ్మకు నోరు రాలేదు. పంపింది నేను, మాట్లాడాల్సింది తను అనుకుంది. అభిమానం అనేది మోకాలి నొప్పి లాంటిది. కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది, లేవాలంటేనే కష్టం.

ఈసారి ఉగాది, రంజాన్ వెంటవెంటనే వచ్చాయి. ఉగాదికి భక్ష్యాలు చేశారు గానీ ముత్తెమ్మ గోడ వైపు వెళ్లలేదు. గిన్నెల కాలంలో ఆ చిక్కు లేదు. ఎవరింట్లో గిన్నె ఉంటే వాళ్లదే వంతు. ఇప్పుడు వంతు ఎవరిదో చెప్పే గిన్నె లేదు. చూశారా, డబ్బా మనిషిని ఎంత స్వతంత్రుణ్ని చేసిందో!

రెండు రోజులు గడిచాక రంజాన్ పండుగ నాటి మధ్యాహ్నం హబీబున్నీసా కోడలు జబీన్ వచ్చింది. గోడ మీదుగా కాదు, వీధి తిరిగి గేటులోంచి. ల్యాబ్‌లో పనిచేసే పిల్ల, ఎప్పుడూ హడావుడిగానే ఉంటుంది. సంచిలోంచి ఒకటి తీసి కావేరి చేతికిచ్చి, ఇంకా ఏడిళ్లున్నాయని వెళ్లిపోయింది. ముత్తెమ్మ వెళ్లి చూసింది.

ప్లాస్టిక్ డబ్బా. మూత చుట్టూ టేపు. పైన 'ఈద్ ముబారక్' స్టిక్కర్.

ముత్తెమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంత బాధ అని మీరు అడగవచ్చు. షీర్ ఖుర్మా అదే కదా, పాలు అవే కదా! మీకు తెలియాలంటే ఆమె తండ్రి భీమన్న సంగతి తెలియాలి. సిరికొండ దగ్గరి ఊళ్లో హోటలుకు పోతే ఆయనకు చాయ్ వేరే గ్లాసులో పోసేవారు. తాగాక ఆయనే కడిగి, చూరులో పెట్టి రావాలి. చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకుని వెళ్లిన ముత్తెమ్మ ఆ గ్లాసును చూసింది. ఈ గ్లాసు లోపలికెందుకు పోదని అడిగితే భీమన్న అడుగుల వేగం పెంచాడు.

ఇప్పుడా అన్యాయాలు లేవు లెండి. అందరికీ పేపర్ గ్లాసులే. ఎవరి ఎంగిలి గ్లాసూ ఎవరింట్లోకీ పోదు, అందరివీ ఒకే చెత్తబుట్టలోకి పోతాయి. వందేళ్ల ఉద్యమాలు చేయలేని సమానత్వాన్ని రూపాయి గ్లాసు తెచ్చిపెట్టింది. గ్లాసు మారింది, మనసు మారనక్కర లేకుండా పోయింది. ఇంతకంటే చవకగా సంస్కరణ ఎక్కడ దొరుకుతుంది?

ముత్తెమ్మకు మాత్రం ఆ డబ్బాలో చూరులోని గ్లాసే కనిపించింది. ముప్పై ఒక్క ఏళ్లు ఒకరి గిన్నెలో ఒకరం తిన్నాక, మా చేయి తగిలిన గిన్నె ఆమెకు వద్దనిపించిందా అనుకుంది. దసరాకు తను పంపింది కూడా అదే డబ్బా అన్న సంగతి ఆమెకు ఆ క్షణంలో తట్టనే లేదు. మనం పంపిన డబ్బా సౌకర్యం, మనకు వచ్చిన డబ్బా అవమానం. ఇది ఆర్మూరులోనే కాదు, ఎక్కడైనా అంతే.

డబ్బా రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంది. ముత్తెమ్మ ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మూడో రోజు ఆమె స్నానానికి వెళ్లినప్పుడు రాజేశ్వర్ టేపు విప్పి, నిలబడే సగం లాగించాడు. ఆమె బయటికొచ్చి పట్టుకుంటే, మూతి తుడుచుకుంటూ, అచ్చం హబీబున్నీసా చేతి రుచే, ముప్పై ఏళ్లయినా మారలేదని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆ మాటకు ముత్తెమ్మ ఏడ్చింది. తర్వాత మిగిలింది వేరే గిన్నెలోకి వంచి, డబ్బా కడిగి, తుడిచి, కొంగు బిగించి, దాన్ని వాళ్ల మొహానే కొట్టి రావాలని బయలుదేరింది. ముప్పై ఒక్క ఏళ్ల స్నేహం అయితే ఆ పూట తెగాలి, లేకపోతే నిలవాలి.

హబీబున్నీసా వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. ముత్తెమ్మ డబ్బా ఆమె పక్కన పెట్టింది.

"నీ డబ్బా ఆపా."

హబీబున్నీసా దాన్ని చూసింది. లేచి లోపలికి వెళ్లి, గూట్లోంచి ఇంకో డబ్బా తెచ్చి దాని పక్కన పెట్టింది. 'హ్యాపీ బతుకమ్మ' స్టిక్కర్ సగం ఊడిపోయింది. తెల్ల ప్లాస్టిక్ పసుపు పచ్చగా తిరిగింది. ఈ ఊళ్లో వంటింట్లో ఆరు నెలలున్న ఏ వస్తువైనా ఆ రంగుకే వస్తుంది.

"పారేసేదాన్ని ఇన్ని రోజులు దాస్తరా?" అని అడిగింది ముత్తెమ్మ. గొంతు అప్పటికే తగ్గింది.

"నీ చేతి మలీద వచ్చింది గిండ్ల. చెత్తబండిల ఎట్లేస్త? ఖాలీగ ఎట్ల పంపుత? నింపి పంపుదమంటే, మళ్ల పంపొద్దనే గద నువ్వు గిట్లాంటిది పంపినవ్. మా ఇంటి గిన్నె మీ ఇంట్లకు వద్దేమో అనుకున్న. ఆరు నెలల సంది గదే సోంచాయిస్తున్న ముత్తెమ్మా."

ముత్తెమ్మ మంచం పట్టె మీద కూలబడింది. తన గుండెలో మూడు రోజులుగా సలుపుతున్న ముల్లు ఈమె గుండెలో ఆరు నెలలుగా ఉంది. పైగా దాన్ని గుచ్చింది తనే. ఆమెకు సిగ్గేసింది, భయమేసింది, అన్నిటికంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

"నేను గట్ల అనుకుంటనా ఆపా. కోడలు తెచ్చింది, నేను చూసిన. పని తప్పిందని సంబురపడ్డ. నువ్వేమనుకుంటవో అని జర గూడ ఆలోచన రాలె."

ఇద్దరూ కళ్లొత్తుకున్నారు. ఇక్కడితో కథ ముగిస్తే పాఠకులకు బాగుంటుంది. ప్లాస్టిక్ పాడు, స్టీలు గొప్ప, ఈ కాలం కోడళ్లు సుకుమారులు అని మీరు కూడా ఒక నిట్టూర్పు విడిచి పేజీ తిప్పేస్తారు. కానీ జబీన్ ఆ రోజు సెలవులో ఉంది. వంటింట్లోంచి అంతా విన్నది. చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, గోడ దగ్గరికి వెళ్లి, కావేరిని పిలిచింది.

కావేరి వసారాలోకి వచ్చాక తేలిందేమిటంటే, ఆ డబ్బాలు రెండూ ఒకే ప్యాకెట్లోవి. నిజామాబాద్ హోల్‌సేల్ దుకాణంలో వందకు తక్కువ అమ్మేది లేదంటే, ఇద్దరు కోడళ్లూ కలిసి కొని చెరి యాభై పంచుకున్నారు! స్టిక్కర్లు ఎక్కడ బాగుంటాయో కావేరికి చెప్పింది జబీనే. అత్తల మధ్య ఆరు నెలలు మాటల్లేకపోతే, ఆ కోడళ్లు ఆరు నెలలూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

అత్తలిద్దరికీ కోపమొచ్చింది. ఇంత కుట్ర మా వెనకాల జరిగిందా అన్నారు. పండుగ విలువ తెలియదన్నారు, చేత్తో చేసి పంపడంలో ఉన్న ప్రేమ మీకేం తెలుసన్నారు. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. దానికి డబ్బాకే థ్యాంక్స్ చెప్పాలి.

కావేరి అంతా విని, నెమ్మదిగా అంది.

"మూడేండ్ల సంది మలీద పిసికేది నేను అత్తమ్మా. మీకు చేతులు నొస్తున్నయని పొద్దుగాల నాలుగింటికి లేసి చేస్తున్న, బడి సెలవులన్ని గిట్లనే పోతున్నయ్. షీర్ ఖుర్మా జబీన్ చేస్తది. చేసేది మేము, గిన్నెలు మార్చుకునేది మీరు. గిన్నె ఖాలీగ పంపొద్దని మీరంటరు. గది నింపేటోళ్లను ఎన్నడన్న అడిగిన్రా?"

ఒక్క ఏడాది ఊపిరి పీల్చుకుందామనుకున్నామని, అంతకు మించి ఎవరినీ వేలెత్తి చూపాలని కాదని జబీన్ అత్తకు చెప్పింది.

అచ్చం హబీబున్నీసా చేతి రుచే అని రాజేశ్వర్ ఇచ్చిన సర్టిఫికెట్ ముత్తెమ్మకు గుర్తొచ్చి, ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. హబీబున్నీసాకు మాత్రం నవ్వు రాలేదు. ఆరు నెలలు గూట్లో పెట్టి దాచుకున్న ప్రేమ పక్కింటి కోడలు తెల్లవారుజామున నిద్ర మానుకుని చేసిందని తెలిస్తే ఎవరికైనా మింగుడు పడదు. చాలాసేపటికి ఆమె కావేరిని దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని చూసింది. రొట్టెల పెనం మీద కాలిన మచ్చ మణికట్టు దగ్గర నల్లగా ఉంది.

పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం ముత్తెమ్మ, వాహబ్ పేరున్న గిన్నె కడిగి, తుడిచి, గోడ మీదుగా అందించింది. హబీబున్నీసా అందుకుని లోపలికి చూసింది. ఏమీ లేదు. చక్కెర లేదు, పసుపు కొమ్ము కూడా లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గోడ దాటిన మొదటి ఖాళీ గిన్నె అది.

"ఏం వండలేదా ముత్తెమ్మా?"

"ఏం వండలె. ఊకెనే వచ్చిన ఆపా. కూసుందమని."

ఆకాశం విరిగి మీద పడలేదు. లక్ష్మి అలిగి వెళ్లిపోలేదు. ముత్తెమ్మ వీధి తిరిగి వసారాలోకి వస్తే, హబీబున్నీసా మంచం మీద కొంచెం పక్కకు జరిగింది. చీకటి పడేదాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆరు నెలల మాటలు మిగిలి ఉన్నాయి మరి, వాటిని ఏ డబ్బాలోనూ పెట్టి పంపలేరు కదా.

ఆ సాయంత్రం నష్టపోయినవాళ్లు ఇద్దరే. రాజేశ్వర్ గోడ మీద నుంచి తొంగి చూసి, ఏమొచ్చిందని అడిగాడు. అవతలి నుంచి వాహబ్ కూడా అదే అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా రెండిళ్ల పండుగలూ తిన్నవాళ్లు, ఎవరి చెయ్యి బాగుంటుందో తీర్పులు చెప్పినవాళ్లు! ఇంత కథలో వాళ్ల పాత్ర ఎక్కడుందని మీకెవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. గిన్నె గొప్పదా, డబ్బా గొప్పదా అని ఇంతసేపు వాదించుకున్నాం గానీ, నింపే చెయ్యి ఎవరిదని ఒక్కసారైనా అడిగామా?

అడగాలి. తప్పకుండా అడగాలి. ఇంటి వంటలోని మమకారం గురించి, దాని వెనకున్న ఆడవాళ్ల కష్టం గురించి సమాజం మేలుకోవాలని నేను ఈ కాలమ్ ద్వారా గట్టిగా డిమాండ్ చేస్తున్నాను.

ఇంకా రాయాలని ఉంది. కానీ వంటింట్లోంచి మా ఆవిడ ఇప్పటికి మూడుసార్లు పిలిచింది. పండక్కి పక్కిళ్లకు పంపాలని పొద్దున నాలుగింటి నుంచి ఒక్కతే గరిజెలు వత్తుతోందట, నూనె కాగిపోతోందట, ఒక్క చెయ్యి వేయమంటోంది. రాసుకుంటున్నానని చెప్పాను. ఎవరో ఒకరు ఈ విషయాల మీద రాయాలి కదా!